మందులు వాడుతున్నా రక్తంలో చక్కెర పెరుగుతున్నప్పుడు ఏం చేయాలి

టైప్ 2 మధుమేహానికి మందులు క్రమం తప్పకుండా వాడుతున్నవారిలో కూడా కొన్ని నెలలకో కొన్నేళ్లకో చక్కెర మళ్లీ పెరగడం చాలా సాధారణంగా జరిగేదే. అలా పెరిగినప్పుడు కొందరు తమ తిండినీ తమ క్రమశిక్షణనూ నిందించుకుంటారు, మరికొందరు మందు పనిచేయడం మానేసిందని తేల్చేసి మాత్రను సొంతంగా పెంచడమో ఆపేయడమో చేస్తారు. రెండూ తొందరపాటే. పెరిగిన సంఖ్య తనంతట తాను కారణాన్ని చెప్పదు. అది రోజులో ఏ వేళ పెరుగుతోంది, ఎప్పటి నుంచి పెరుగుతోంది, ఆ మధ్యలో ఏం మారింది అన్న మూడు సంగతులు తెలిస్తేనే ఏ మందు మార్చాలో, అసలు మందే మార్చాలో లేదో తేలుతుంది. మోతాదు మార్చే నిర్ణయం డాక్టరుదే అయినా, ఆ నిర్ణయానికి కావలసిన సమాచారంలో చాలా భాగం రోగి ఇంట్లోనే పుడుతుంది.

ఇక్కడ చెప్పిన చక్కెర అంకెలన్నీ ఒక డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములు అన్న లెక్కలో ఉన్నాయి. మీ మీటరు మిల్లీమోల్ లెక్కలో చూపిస్తే, ఈ అంకెలను 18తో భాగించుకోవాలి.

ముందుగా ఆలస్యం చేయకూడని పరిస్థితులు. చక్కెర 300 దాటి కొన్ని గంటల తర్వాత మళ్లీ చూసినా దిగకపోతే, దానితో పాటు వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతుగా ఊపిరి తీయడం, మగత, మాట తడబడటం, తగ్గని దాహం, నాలుక పిడచకట్టుకుపోవడం వంటివి కనిపిస్తే, కారణాలు వెతుకుతూ ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వయసు పైబడినవారిలో చక్కెర 600 దాటి, ఒంట్లో నీరు ఇంకిపోయి, స్పృహ తప్పే ప్రమాదకర స్థితి కొన్ని రోజుల పాటు నెమ్మదిగా ముదురుతుంది. ఇంట్లోవారు దాన్ని నీరసమో జ్వరమో అనుకుని పొరబడుతుంటారు. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడుతున్నవారు మరో విషయం గుర్తుంచుకోవాలి: చక్కెర 250 కంటే తక్కువ ఉన్నా వారిలో రక్తం ఆమ్లపూరితమయ్యే కీటోయాసిడోసిస్ రావచ్చు, కాబట్టి వాంతులు, ఆయాసం ఉన్నప్పుడు మీటరు అంకె చూసి ధైర్యపడకూడదు.

ముందు ఆ అంకె నిజమేనా చూడండి

అత్యవసరం ఏదీ లేదనుకున్నాక, మొదట కొలతనే పరీక్షించాలి. వేలికి పండు రసమో తీపి పదార్థమో అంటి ఉంటే రీడింగ్ ఎంతో ఎక్కువగా వస్తుంది; సబ్బుతో చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకున్నాక మళ్లీ చూడటం వల్ల పోయే అనవసర భయాలు తక్కువేమీ కావు. గడువు దాటిన స్ట్రిప్పులు, మూత సరిగా పెట్టక తేమ తగిలిన స్ట్రిప్పులు, ఎండలో ఉన్న వాహనంలో వదిలేసిన స్ట్రిప్పులు తప్పు చూపిస్తాయి. అన్నీ సరిగ్గా ఉన్నా ఇంట్లో వాడే మీటరుకు కొంత తేడా సహజం: అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100, ఆపై విలువల్లో నూటికి 95 రీడింగులు ప్రయోగశాల ఫలితానికి 15 శాతం అటూ ఇటూ ఉంటే ఆ మీటరు సరైనదే. అంటే అసలు చక్కెర 200 ఉన్నప్పుడు మీటరు 170 చూపినా 230 చూపినా అది చెడిపోయినట్టు కాదు. అందుకే ఒక్క రీడింగును పట్టుకుని మందు మార్చాలనుకోవడం అర్థం లేని పని.

మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ ఊగిసలాటను దాటి చూపిస్తుంది. 7 శాతం అంటే సగటు చక్కెర సుమారు 154, 8 శాతం అంటే 183, 9 శాతం అంటే 212. గర్భవతులు కాని పెద్దవారిలో చాలామందికి 7 శాతం లోపు లక్ష్యంగా పెడతారు. వయసు మీరినవారికి, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ముదిరినవారికి, చక్కెర తరచూ పడిపోయేవారికి 8 శాతం వరకు సడలిస్తారు. ఈ పరీక్షకూ లోపాలున్నాయి. ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. రక్తస్రావం జరిగినప్పుడు, రక్తం ఎక్కించుకున్నప్పుడు, ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బుల్లో తక్కువ చూపవచ్చు. మీ మీటరు అంకెలకూ ఈ సగటుకూ పొంతన కుదరకపోతే, ఏదో ఒకదాన్ని అబద్ధమని తీసిపారేయకుండా, రక్తహీనత పరీక్ష చేయించమని డాక్టరును అడగడం సరైన దారి.

ఏ వేళ పెరుగుతోందో కనిపెట్టడం

మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఉపయోగపడే పని ఇదే, తక్కువమంది చేసేదీ ఇదే. చాలామంది రోజూ పరగడుపున ఒక్కసారే చూసుకుని, మిగతా ఇరవైమూడు గంటల గురించి ఊహించుకుంటారు. దానికి బదులు మూడు నుంచి ఏడు రోజుల పాటు పరగడుపున, ప్రతి ప్రధాన భోజనానికి ముందు, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు, పడుకునే ముందు చూసి రాసిపెట్టుకోండి. స్ట్రిప్పులు తక్కువగా ఉంటే ఒక రోజు ఉదయపు భోజనానికి ముందూ తర్వాతా, మరుసటి రోజు మధ్యాహ్నానికి, ఆ మరుసటి రోజు రాత్రికి చొప్పున విడదీసుకున్నా సరిపోతుంది. అంకె పక్కనే ఏం తిన్నారు, మందు ఎన్ని గంటలకు వేసుకున్నారు, నడిచారా, నిద్ర ఎలా పట్టింది అన్నవి రెండు మాటల్లో రాయాలి. ఈ వారం రోజులూ మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండాలి. చీటీ అందంగా కనిపించాలని పథ్యం చేస్తే ఆ చీటీ ఎందుకూ పనికిరాదు. నిరంతరం కొలిచే సెన్సర్ దొరికితే రెండు వారాలు పెట్టుకోవడం వల్ల ఇంకా స్పష్టమైన చిత్రం వస్తుంది. సాధారణంగా పెట్టుకునే లక్ష్యాలు పరగడుపున, భోజనానికి ముందు 80 నుంచి 130, భోజనం తర్వాత 180 లోపు.

అంకెలు చేతికి వచ్చాక వాటిలో ఒక తీరు కోసం చూడాలి. రాత్రి పడుకునేటప్పుడు 130 ఉండి ఉదయానికి 170 అవుతుంటే, తెల్లవారుజామున శరీరం విడుదల చేసే కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటివి కాలేయం చేత గ్లూకోజ్‌ను విడుదల చేయిస్తున్నాయని, దానికి అడ్డుకట్ట వేసేంత ఇన్సులిన్ లేదని అర్థం. ఇలాంటి పెరుగుదల తెల్లవారుజామున మూడింటికీ ఉదయం ఎనిమిదింటికీ మధ్య జరుగుతుంది కాబట్టి, రాత్రి భోజనం పూర్తిగా మానేసినా అది ఆగకపోవచ్చు. ఆకలితో పడుకున్నా పొద్దున ఎందుకు ఎక్కువ ఉందని ఆశ్చర్యపడేవారికి జవాబు ఇదే. పడుకునే వేళకే 200 ఉండి ఉదయం కూడా 200 ఉంటే అది రాత్రి భోజనానిదో, దాని తర్వాత తిన్న చిరుతిండిదో అయి ఉంటుంది. రాత్రి ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు ఒకటి రెండు రాత్రులు తెల్లవారుజామున మూడింటికి లేచి చూడటం అవసరం: ఆ సమయంలో చక్కెర 70 కంటే తక్కువకు పడిపోతుంటే మందు పెంచడం ప్రమాదమే కాని పరిష్కారం కాదు.

పరగడుపు అంకె బాగానే ఉండి హెచ్‌బీఏ1సీ మాత్రం పెరుగుతుంటే, దోషం భోజనం తర్వాతి గంటల్లో ఉందన్నమాట. సగటు 7, 8 శాతాల దగ్గర ఉన్నప్పుడు భోజనానంతర పెరుగుదల వాటా ఎక్కువగా ఉంటుంది. సగటు 9, 10 దాటినప్పుడు పరగడుపు చక్కెరదే పెద్ద వాటా అవుతుంది. ఈ తేడా మందుల ఎంపికను నేరుగా మారుస్తుంది, ఎందుకంటే మెట్‌ఫార్మిన్, రాత్రి వేసుకునే దీర్ఘకాలిక ఇన్సులిన్ ప్రధానంగా పరగడుపు చక్కెర మీద పనిచేస్తే, అకార్బోస్, రెపాగ్లినైడ్, భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ వంటివి తిన్న తర్వాతి పెరుగుదల మీద పనిచేస్తాయి.

మందు లోపలికి సరిగ్గా వెళుతోందా

మాత్రలు మానేశారా అని అడిగితే ఎవరూ ఒప్పుకోరు, అందులో అబద్ధం కూడా ఉండదు. మరచిపోయిన మాత్ర గుర్తుండదు కదా. నెల మొదట కొన్న మాత్రల్లో నెలాఖరుకు ఎన్ని మిగిలాయో లెక్కపెడితే నిజం తెలుస్తుంది. ఎన్ని వేసుకున్నారన్నదాని తర్వాత ఎలా వేసుకుంటున్నారన్నది చూడాలి. సాధారణ గ్లిపిజైడ్ భోజనానికి అరగంట ముందు, గ్లిమెపిరైడ్ రోజులో మొదటి ప్రధాన భోజనంతో, అకార్బోస్ మొదటి ముద్దతో వేసుకోవలసినవి. నోటి ద్వారా తీసుకునే సెమాగ్లుటైడ్ మాత్రను ఖాళీ కడుపున కొద్దిపాటి నీళ్లతో మింగి, కనీసం అరగంట ఏమీ తినకుండా తాగకుండా ఉండాలి; కాఫీతో కలిపి మింగితే మందు ఒంటికి పట్టడమే తగ్గిపోతుంది. నెమ్మదిగా విడుదలయ్యే మెట్‌ఫార్మిన్‌ను నూరడం, కొరకడం చేయకూడదు. మెట్‌ఫార్మిన్ వల్ల కడుపు ఉబ్బరం, విరేచనాలు వచ్చి చాలామంది ఎవరికీ చెప్పకుండా సగానికి తగ్గించుకుంటారు. చెబితే డాక్టరు మోతాదు నెమ్మదిగా పెంచడమో, నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చడమో చేస్తారు. ఏ మాత్రనైనా మరచిపోతే తర్వాతి పూటకు రెండు కలిపి వేసుకోకూడదు.

ఇన్సులిన్ వాడేవారు అన్నిటికంటే ముందు తమ చర్మాన్ని తడిమి చూసుకోవాలి. ఒకేచోట పదేపదే పొడవడం వల్ల అక్కడ కొవ్వు గట్టిపడి ఉబ్బుతుంది. ఆ గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒక రోజు తక్కువగా, మరో రోజు ఎక్కువగా ఒంటికి పడుతుంది, దాంతో చక్కెర ఎగుడుదిగుడులు మొదలై మోతాదు పెరుగుతూ పోతుంది. నొప్పి తెలియదు కనుక చాలామంది కావాలనే అక్కడ పొడుచుకుంటారు. ప్రతిసారీ ముందటి చోటికి కనీసం ఒక వేలి వెడల్పు దూరం జరగడం, గడ్డ ఉన్న చోటును నెలల తరబడి వదిలేయడం తప్పనిసరి. అయితే గడ్డ నుంచి మంచి చర్మానికి మారినప్పుడు అదే మోతాదు బలంగా పనిచేసి చక్కెర పడిపోవచ్చు కాబట్టి, ఆ మార్పు డాక్టరుతో మాట్లాడి, మోతాదు తగ్గించుకుంటూ చేయాలి. పెన్ మీట నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి సూది తీయాలి. పాలలా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య దొర్లించి, పైకీ కిందికీ తిప్పి, సమంగా కలిసిందని చూసుకున్నాకే వాడాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. ఒకసారి గడ్డకట్టిందంటే పారేయవలసిందే. వాడుకలో ఉన్న పెన్ 30 డిగ్రీల లోపు వేడిలో, చాలా రకాలకు 28 రోజుల వరకు, పనికివస్తుంది. ఖచ్చితమైన గడువు పెట్టె మీద ఉంటుంది.

చక్కెరను పెంచే ఇతర కారణాలు

కొత్తగా మొదలైన మందుల జాబితా తీయండి. ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు అందరికంటే పెద్ద దోషులు. ఉదయం వేసుకున్న స్టెరాయిడ్ మాత్ర పరగడుపు చక్కెరను పెద్దగా కదపకుండానే మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు 300 దాకా తీసుకుపోగలదు. మోకాలికో భుజానికో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా కొన్ని రోజుల పాటు పెంచుతుంది, కానీ ఇంజెక్షన్ కదా అని ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు. ఓలాంజపిన్, క్లోజపిన్ వంటి మానసిక వైద్యంలో వాడే మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్, ఎక్కువ మోతాదులో కొన్ని రక్తపోటు మాత్రలు కూడా ఈ కోవలోవే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు కొద్దిగా పెంచుతాయి, కానీ గుండెకు అవి చేసే మేలు ముందు ఆ పెరుగుదల చాలా చిన్నది. దాని కోసం వాటిని ఆపకూడదు. వీటిలో ఏ మందునూ సొంతంగా ఆపవద్దు, ముఖ్యంగా కొన్ని వారాలుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపడం ప్రాణాంతకం కావచ్చు.

ఒంట్లో ఎక్కడైనా దాగి ఉన్న ఇన్‌ఫెక్షన్ చక్కెరను మొండిగా పైనే నిలబెడుతుంది. చిగుళ్ల వాపు, మూత్రంలో మంట, పాదం మీద స్పర్శ తెలియక పట్టించుకోని పుండు, వారాల తరబడి వదలని దగ్గు, వీటన్నిటినీ అడిగి చూడాలి. పాదాలను రోజూ చూసుకునే అలవాటు ఉన్నవారికి ఈ పని సగం అయిపోయినట్టే. నిద్రలో గట్టిగా గురకపెట్టి మధ్యమధ్య ఊపిరి ఆగేవారికి, కొన్ని వారాలుగా సరైన నిద్ర లేనివారికి, తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవారికి, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నవారికి కూడా చక్కెర పెరుగుతుంది.

తిండి విషయంలో కొత్త పథ్యాలు మొదలుపెట్టే ముందు, మీరు రాసిన చీటీలో 180 దాటిన భోజనాలు ఏవో చూడండి. సాధారణంగా అన్ని పూటలూ కాక, ఒకటో రెండో పూటలే దోషులుగా తేలుతాయి. ఆ పూట పిండిపదార్థాన్ని మూడో వంతు తగ్గించి, ఆ ఖాళీని కూరగాయలతో, మాంసకృత్తులతో నింపి, రెండు గంటలకు మళ్లీ కొలవండి. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థాన్ని చివరికి ఉంచితే, అదే భోజనానికి చక్కెర తక్కువగా పెరుగుతుంది. ద్రవరూపంలో లోపలికి వెళ్లే చక్కెరను మాత్రం పూర్తిగా మానవలసిందే: పండు మంచిదని పండ్ల రసం తాగేవారు, తేనె సహజమైనదని కలుపుకునేవారు, చక్కెర కలపలేదని రాసి ఉన్న తినుబండారంలో పిండి ఎంత ఉందో చూడనివారు కొల్లలు.

భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాల నడక ఆ పూట పెరుగుదలను నేరుగా తగ్గిస్తుంది, ఎందుకంటే పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సహాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు మూడు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం పెట్టుకోవాలి. వరసగా రెండు రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు, వ్యాయామ ప్రభావం ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది. తీవ్రమైన వ్యాయామం చేసిన వెంటనే చక్కెర కాసేపు పెరిగితే అది అడ్రినలిన్ పని, భయపడనక్కర్లేదు. బరువు ఎక్కువగా ఉన్నవారికి బరువు తగ్గడం వల్ల జరిగే మేలు చాలా మందులకంటే పెద్దది: 2017లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ డైరెక్ట్ అధ్యయనంలో, జబ్బు బయటపడి ఆరేళ్లు మించని, ఇన్సులిన్ వాడని, అధిక బరువున్న వ్యక్తులను వైద్య పర్యవేక్షణలో తీవ్రంగా బరువు తగ్గించినప్పుడు, ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహ స్థాయి దిగువకు వచ్చారు.

అన్నీ సరిగ్గా ఉన్నా పెరుగుతుంటే

కొలత సరిగ్గా ఉంది, మందు సరిగ్గా పడుతోంది, తిండి మారలేదు, ఏ ఇన్‌ఫెక్షనూ లేదు, అయినా ఏడాదికేడాది పెరుగుతుంటే అది జబ్బు స్వభావం. టైప్ 2 మధుమేహంలో క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు క్రమంగా శక్తి కోల్పోతాయి. 1998లో ఫలితాలు ప్రకటించిన బ్రిటన్ దీర్ఘకాలిక అధ్యయనం యూకేపీడీఎస్‌లో, జబ్బు బయటపడేనాటికే ఈ కణాల పనితీరు సగానికి పడిపోయి ఉందని, తొమ్మిదేళ్లు గడిచేసరికి దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి ఒక్క మందు చాలలేదని తేలింది. మరో మందు చేర్చవలసి రావడాన్ని ఓటమిగా చూసి సంవత్సరాలు వాయిదా వేయడం వల్ల జరిగే నష్టం కళ్లకూ కిడ్నీలకూ నరాలకూ చేరుతుంది. ఇన్సులిన్‌ను ఆఖరి మెట్టుగా భావించి దూరం పెట్టడం కూడా నా దృష్టిలో ఇదే పొరపాటు. చక్కెర చాలా ఎక్కువగా ఉన్నప్పుడు కొన్ని వారాలు ఇన్సులిన్ వాడి, ఎక్కువ చక్కెర వల్ల అలసిన బీటా కణాలు కోలుకున్నాక మళ్లీ మాత్రలకు మారేవారూ ఉన్నారు.

అయితే పెరుగుదల హఠాత్తుగా వస్తే జబ్బు స్వభావమని సరిపెట్టుకోకూడదు. సన్నగా ఉన్నవారిలో, మాత్రలు త్వరగా విఫలమైనవారిలో, కొన్ని థైరాయిడ్ జబ్బుల వంటి స్వయం ప్రతిరక్షక వ్యాధులు (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత కణాలనే దెబ్బతీసేవి) ఉన్నవారిలో అది అసలు టైప్ 2 కాకుండా, పెద్ద వయసులో నెమ్మదిగా మొదలైన స్వయం ప్రతిరక్షక మధుమేహం కావచ్చు. గాడ్ యాంటీబాడీ, సీ-పెప్టైడ్ అనే రక్తపరీక్షలు ఈ తేడా చెబుతాయి. యాభై దాటిన వ్యక్తిలో కారణం లేకుండా బరువు తగ్గుతూ చక్కెర ఒక్కసారిగా అదుపు తప్పితే క్లోమాన్ని పరీక్షించమని అడగడం అతి కాదు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ వారం రోజుల చీటీ, వాడుతున్న మందులన్నీ, ఇతర జబ్బులకు వాడేవీ మూలికా మందులూ కూడా, వీలైతే పెట్టెలతో సహా తీసుకెళ్లండి. కొత్త మందు రాస్తున్నప్పుడు అది పరగడుపు మీద పనిచేస్తుందా, భోజనం తర్వాతా, చక్కెర పడిపోయే ప్రమాదం ఉందా, గుండెకూ కిడ్నీకీ సంబంధించి మీకు అనువైనదా అని అడగండి. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి, అధిక బరువూ గుండె జబ్బూ ఉన్నవారికి సెమాగ్లుటైడ్ వంటివి చక్కెర తగ్గించడానికి మించిన మేలు చేస్తాయి. కిడ్నీ పనితీరు పరీక్ష పాతబడి ఉంటే కొత్తది చేయించాలి, ఎందుకంటే మెట్‌ఫార్మిన్ మోతాదు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎక్కువ చక్కెరను వేగంగా తగ్గించబోతున్నప్పుడు కంటి రెటీనాను ముందుగా చూపించుకోవాలి. పాత రెటీనా జబ్బు ఉన్నవారిలో వేగంగా తగ్గితే అది కొంతకాలం ముదరవచ్చు.

మందు పెరిగాక మొదటి వారాల్లో చక్కెర పడిపోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి. చెమట, వణుకు, గుండెదడ, అయోమయం కనిపించి మీటరు 70 కంటే తక్కువ చూపితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ తీసుకోవాలి. అకార్బోస్ వాడేవారికి మామూలు పంచదార త్వరగా పనిచేయదు, శుద్ధ గ్లూకోజే కావాలి. మోతాదు మార్చిన రెండు వారాల్లో మీటరు అంకెల్లో తేడా కనిపించాలి. హెచ్‌బీఏ1సీని మాత్రం మూడు నెలలు నిండాక చేయించాలి, అప్పటికీ లక్ష్యం అందకపోతే ఆ రోజే తర్వాతి మార్పు గురించి డాక్టరుతో మాట్లాడాలి.